చింతపులుసు తాగిన కారు

మా అన్న పెట్టిన షరతు ఒకటే. శ్రీరామనవమి నాటికి ఆ కారు దానంతట అది గేటు దాటల్ల. తాడు కట్టి లాగకూడదు, నలుగురిని పిలిచి తోయించకూడదు. దాటితే వాకిట్లో కట్టబోయే అడ్డగోడను జరిపి దానికి తావిస్తాడు. దాటకపోతే పాత ఇనుమోళ్ల లారీ వస్తాది, నేను నోరెత్తకూడదు.

సరే అని చెప్పినా. చెప్పేటప్పుడు దానికి నాలుగు టైర్లూ గాలి లేక నేలకు అతుక్కోని ఉండాయి.

కడపలో మా ఇల్లు రెండు భాగాలు. ముందుది అన్నది, వెనకది నాది, నడుమ బండలు పరిచిన వాకిలి ఇద్దరిదీ. ఆ వాకిట్లో రేకుల కింద మా నాయన అంబాసిడరు పన్నెండేండ్లుగా నిలబడిపోయి ఉండాది. నాయన పోయినాంక పంపకాల్లో ఎవురూ అడగని వస్తువు అదొక్కటే. పెద్దమనుషులు నవ్వుకుంటా "అది ఆడబిడ్డకు రాయండప్పా" అన్నారు. రాసినారు. ఆ నవ్వు నేను మరిచిపోలే.

నాయన గుర్తుగా దాచుకున్నా అని చెబితే వినేదానికి బాగుంటాది గానీ, అది అబద్ధం. ఆ కారు మీద నాకుండేది ప్రేమ కాదు, పంతం. చిన్నప్పుడు అన్నకు స్టీరింగు, నాకు బిందె. ఒంటిమిట్ట తిరునాళ్లకు పోవాలన్నా, కోడుమూరులో మా అవ్వగారింటికి పోవాలన్నా, నాయన బానెట్టెత్తి "నీళ్లు తేమ్మే, తొణక్కుండా తే" అని కేకేసేటోడు. నేను బోరు కాడ బిందె నింపుకోని పోయి రేడియేటరులో పోసేదాన్ని. నాకు పన్నెండేండ్లప్పుడు ఒకసారి, నేను గూడా తోలడం నేర్చుకుంటా నాయనా అని అడిగినా. "నువ్వు నీళ్లు పోయి, సాలు" అన్నాడు. తిట్టినట్టు గూడా అనలే, మామూలుగానే అన్నాడు. అందుకే ఇంకా మండుతాండాది.

ఇప్పుడు నాకు యాభై మూడు. బడిలో పిల్లోళ్లకు లెక్కలు చెబుతా. నా జీతంతో కొనుక్కున్న చిన్న కారు పదేండ్లుగా నేనే తోలుకుంటాండా. కాబట్టి అంబాసిడరు లేకపోతే నా బతుకేమీ ఆగిపోదు. అయినా అది ఇనుముకు పోతాదంటే ఒప్పుకునేది లేదనుకున్నా.

ఊర్లో పాత బండ్ల పని తెలిసిన మేస్త్రీ ఒకాయన ఉండాడు. పెద్దాయన, షెడ్డు మూసేసి శానా రోజులాయె. ఆదివారమాదివారం వచ్చి కుర్చీ వేసుకోని కూర్చుని టీ తాగుతా చెబుతాడు, చేసేది నేను. టైర్లు, బ్యాటరీ కొత్తవి తెచ్చి వేసినా. కార్బ్యురేటరు విప్పి పెట్రోలుతో కడిగినా. ట్యాంకు దించి లోపల గులకరాళ్లు వేసి, భుజాలు పడిపోయేదాకా ఊపి ఊపి తుప్పు రాల్చినా. బ్రేకులు రెండుసార్లు తప్పుగా బిగించినా, మూడోసారి సరిగా కుదిరినాయి. గ్రీజు గోర్లలో ఇరుక్కోని, బోర్డు మీద లెక్క రాస్తాంటే ఆడపిల్లలు నా చేతులే చూసేటోళ్లు. చూడనీ అని నేనేమీ దాచుకోలే.

మా వదిన మంచిదే గానీ ఒకరోజు ఆమెకు మనసాగలే. "ఆడమనిషి బండి కింద పండుకుంటే చూసేటోళ్లు ఏమనుకుంటారు?" అనింది.

"చూసేటోళ్లకు నా కాళ్లే గదా కనపడేది, మొగం కనపడదులే వదినా" అని లోపల్నించే చెప్పినా. ఆమె నవ్వాపుకోలేక లోపలికి పోయింది.

ఉగాదికి మూడు వారాల ముందు ఇంజను లేచింది. దడదడమని వాకిలంతా పొగ కమ్మింది. నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి, పొగ వల్ల అని మేస్త్రీకి చెప్పినా. ఆ సంతోషం పది నిమిషాలు గూడా నిలవలే. వేడి చూపించే ముల్లు పోయి పోయి ఎర్రగీత దాటింది, బానెట్టు సందుల్లోనించి ఆవిరి లేచింది. చల్లారినాంక మళ్లీ చూసినాం, అదే కథ. పంపు మార్చినాం, గొట్టాలు మార్చినాం. ఆఖరికి రేడియేటరు విప్పి ఎండలో పెట్టి లోపలికి తొంగి చూసినాం.

సన్న గొట్టాలన్నీ తెల్లగా పూడుకోని పోయిండాయి. మా ఇండ్లల్లో టీ గిన్నె అడుగున పట్టే గార ఉంటాది గదా, అదే. ఈ సీమలో బోరు నీళ్లు కాస్తే మిగిలేది అదే.

"ఎవురు పోసినారమ్మా దీంట్లో బోరు నీళ్లు?" అని అడిగినాడు మేస్త్రీ.

"నేనే" అని చెప్పినా. సిగ్గయింది. ఏండ్ల తరబడి, తొణక్కుండా, బిందెలు బిందెలు పోసింది నేనే. దాని గొంతు పూడ్చింది నేనే. ఆ తర్వాత కోపమొచ్చింది. ఇంట్లో తోలేటోళ్లు ఇద్దరుండారు, ఒకరైనా ఆ నీళ్లు పోయొద్దు అని చెప్పలేదే. వాళ్లకూ తెలీదు. తెలుసుకునే పని వాళ్లది కాదనుకున్నారు, నీళ్లు ఆడపిల్ల పని గదా.

"ఇంగ ఇది పనికిరాదమ్మా. ఇట్లాంటిది మళ్లీ దొరికేది గూడా కష్టమే" అన్నాడు మేస్త్రీ. ఆయప్ప అబద్ధం చెప్పే మనిషి కాదు. అరుగు మీదనించి మా అన్న వింటానే ఉండాడు.

మరుసటి రోజు ఉగాది ముందటి రోజు. పండగ వస్తాంటే మా ఇంట్లో రాగి చెంబులు, ఇత్తడి బిందెలు అన్నీ దించి తోమాల్సిందే. కొత్త చింతపండు నానేసి బిందెకు రుద్దుతాండా. చిన్నప్పుడు నేను మోసిన బిందె అదే. నడుముకాడ పట్టిన తెల్లగార పులుసు తగిలేసరికి కరిగి జారిపోతాండాది. చెయ్యి అట్లనే ఆగిపోయింది. రేడియేటరు గూడా రాగీ ఇత్తడే గదా అనుకున్నా.

మేస్త్రీకి ఫోను చేసినా. రేడియేటరులో చింతపులుసు పోస్తే గార కరగదా అని అడిగినా. "నలభై ఏండ్ల పనిలో ఇది ఎవురూ చెప్పలేదమ్మా" అన్నాడు. తర్వాత, "పాతది గదా, అల్యూమినియం లేదు. చెడేదేముండాది, చూడు" అన్నాడు.

రెండు కిలోల చింతపండు ఉడకేసి, పిప్పి లేకుండా గుడ్డలో వడగట్టినా. రేడియేటరు కింది మూతికి కట్టె బిరడా కొట్టి, వేడివేడి పులుసు పైనించి పోసినా. వాకిలంతా పులుసు వాసన. మా అన్న వచ్చి ముక్కెగరేసి, "ఏమ్మే, తాలింపు పెట్టలేదా?" అన్నాడు.

"పెడతాలే, నవమికి" అని చెప్పినా.

మొదటిరోజు పోసింది పోసినట్టే వచ్చింది. రెండోరోజు గూడా అంతే. ఆ రెండు రోజులు నాకు అన్నం సహించలే. మూడోరోజు బిరడా తీస్తే పులుసుతో పాటు తెల్లటి పెచ్చులు రాలినాయి. చేటలో పోసుకోని చూసుకున్నా, గుడ్డు పెంకుల మాదిరి ఉండాయి. ఇంగ నన్ను పట్టేటోళ్లు లేరు. బడినించి రావడం, పులుసు మార్చడం. ఆరోరోజుకు పైన పోసిన నీళ్లు కిందనించి ధారగా పడినాయి. వంటసోడా నీళ్లతో పులుపంతా పోయేదాకా కడిగి, బిగించి, తాగే క్యాను నీళ్లు పోసినా.

నవమి పొద్దున మా అన్న పానకం గ్లాసు పట్టుకోని అరుగు మీద కూర్చున్నాడు. ఇంజను వేసి పావుగంట నిలబెట్టినా. ముల్లు నడుమకు వచ్చి ఆగింది. ఆడనించి కదల్లే. స్టీరింగు పక్కనుండే గేరు లాగి, క్లచ్చి వదిలినా. బండల మీద ఒక్క ఊపు ఊగి, నిదానంగా గేటు దాటింది. నేను ఆపలే. వీధి చివరిదాకా పోయి, మలుపుకోని వచ్చి గేటు ముందర నిలబెట్టినా.

మా అన్న దిగి వచ్చినాడు. బానెట్టు మీద చెయ్యి పెట్టి చూసినాడు. మొగంలో చిన్నప్పటి మా అన్న కనపడినాడు. "గోడ జరిపిస్తాలే" అన్నాడు. చెయ్యి చాపినాడు. "తాళం ఇయ్‌మే, ఒక రౌండు తోలి చూస్తా."

"ఒంటిమిట్టకు పోతాండా. దారిలోకి నీళ్లు కావల్ల. నీళ్లు తే, అన్నా."

ఏమనుకున్నాడో ఏమో, లోపలికి పోయి ఆ ఇత్తడి బిందే తీసుకోని బోరు దిక్కు నడిచినాడు.

"ఆ నీళ్లు కాదు. వంటింట్లో క్యాను నీళ్లు" అని సీట్లోనించే కేకేసినా.

వెనక్కి తిరిగి క్యాను నీళ్లే నింపుకోని వచ్చినాడు. బిందె ఒళ్లో పెట్టుకోని నా పక్క సీట్లో కూర్చున్నాడు.

"తొణక్కుండా పట్టుకో" అని చెప్పి గేరేసినా.