ఏడవని బిడ్డ

1938లో ధర్మవరంలో ఈశ్వరికి తొలి కాన్పులో కొడుకు పుట్టాడు. హనుమంతు అని పేరు పెట్టుకున్నారు. వాడు పుట్టింది మొదలు ఒకటే ఏడుపు. ఒకనాడు కడుపు ఉబ్బరం, ఇంకొకనాడు పళ్ళొచ్చే బాధ. భర్త గంగాధర మగ్గం నేస్తుంటే పక్కన కూర్చుని అంచు పోగులు చూసేది ఈశ్వరే. బిడ్డ కేర్‌మంటే ఆమె లేవాలి, ఆమె లేస్తే మగ్గం ఆగాలి. పెళ్ళిళ్ళ కాలం, ఒప్పుకున్న పట్టుచీరలు ఇంకా మగ్గం మీదే ఉన్నాయి.

అప్పుడు పెనుకొండ నుంచి ఈశ్వరి తల్లి నరసమ్మ వచ్చింది.

"నువ్వు పోయి మగ్గంకాడ కూర్చోమ్మే. ఈణ్ణి నేను చూసుకుంటా" అని మనవణ్ణి ఒళ్ళోకి తీసుకుంది.

వారం తిరక్కుండా ఏడుపు ఆగిపోయింది. వసకొమ్ము, జాజికాయ అరగదీసి నాలుకకు రాస్తున్నానని నరసమ్మ చెప్పింది. బిడ్డ పొద్దంతా నిద్రపోయేవాడు. అవ్వ చేతి చలవ అని వీధిలోవాళ్ళు మెచ్చుకున్నారు. "నువ్వు రాకపోతే నేనేమైపోదునోమ్మా" అని ఈశ్వరి తల్లి చేతులు పట్టుకుంది.

కానీ రానురాను ఆమెకు బెంగ మొదలైంది. పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయేది. వెళ్ళి రొమ్ము అందిస్తే బిడ్డ రెండు గుక్కలు తాగి మళ్ళీ కళ్ళు మూసేవాడు. విరేచనం సరిగా అయ్యేది కాదు. బుగ్గలు జారిపోయాయి.

"అమ్మా, వీడు మరీ నిద్రపోతాండాడే!"

"ఏడిస్తే ఏడ్చినాడంటావు, పండుకుంటే పండుకున్నాడంటావు. పండుకోనీ, ఒళ్ళు పడతాది."

గంగాధరను అడిగితే, "మీయమ్మకు తెలీదా? ఎంతమందిని సాకింది!" అన్నాడు నేత ఆపకుండానే.

ఒక పొద్దున ఎంత కదిపినా బిడ్డ కళ్ళు తెరవలేదు. పెదవులు నల్లబడ్డాయి. ఊళ్ళో వైద్యుడు చూసి, వెంటనే హిందూపురం డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు. బిడ్డను ఎత్తుకుని ఈశ్వరి, గంగాధర, నరసమ్మ రైలెక్కారు. దారి పొడుగునా ఈశ్వరి బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టుకొనే కూర్చుంది.

డాక్టరమ్మ బిడ్డ రెప్ప ఎత్తి చూసింది. కంటిపాప సూదిమొనంత అయిపోయి ఉంది.

"నల్లమందు ఎవరు పెడుతున్నారు?"

"మా ఇంట్లో అట్లాంటిది లేదమ్మా" అంది ఈశ్వరి. "మా యమ్మ వసకొమ్ము రాస్తాది, అంతే. బిడ్డమీద ఒట్టు!"

నరసమ్మ తల వంచుకుంది. గంగాధర అత్త వైపు చూశాడు.

"నిజం చెబితేనే బిడ్డ దక్కేది. ఎంత పెట్టారు?"

"రోజూ ఆవగింజంత" అన్నాడు గంగాధర నెమ్మదిగా. "నిన్నట్నుంచి కొంచెం ఎక్కువ."

ఈశ్వరి భర్తను చూసింది, తల్లిని చూసింది. బిడ్డను నిద్రపోనివ్వొద్దని డాక్టరమ్మ చెబితే, అరికాళ్ళు రుద్దుతూ, గిల్లుతూ కూర్చుంది. సాయంత్రానికి వాడు సన్నగా ఏడ్చాడు. అప్పుడు ఆమె నేలమీద కూలబడి తానూ ఏడ్చింది.

గంగాధర దగ్గరికి వచ్చాడు. "చీరలు దిగల్ల గదా ఈశ్వరీ. అత్త తెమ్మనింది, నేను తెచ్చిచ్చినా. చెప్తే నువ్వు ఒప్పుకోవని..."

"నా పక్కనే కూర్చోని నేస్తా వచ్చినావు. నేను పాలియ్యను లేచిపోయి ఊరికే తిరిగొస్తాంటే చూస్తానే ఉన్నావు."

బిడ్డ కోలుకున్నాక తిరుగు రైలెక్కారు. పెనుకొండ స్టేషన్ దగ్గరపడుతుండగా నరసమ్మ మూట సర్దుకుంది.

"నిన్నూ ఇట్లనే పెంచినా గదమ్మే!"

ఈశ్వరి చిన్నప్పుడు ఆమె తమ్ముడు ఉయ్యాలలోనే, పాలు తాగే వయసులో, నిద్రలో పోయాడు. జ్వరమని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు.

"తమ్ముణ్ణి కూడానా అమ్మా?"

నరసమ్మ మూట చంకన పెట్టుకుని లేచింది. రైలు ఆగాక దిగిపోయింది. కిటికీ దగ్గరికి వచ్చి మనవడి కాలు తాకబోతే, ఈశ్వరి బిడ్డను అటువైపు తిప్పుకుంది.

ఆ చీరలు గడువుకు దిగలేదు. నల్లమందు మాన్పించినందుకు హనుమంతు చాలాకాలం రాత్రింబగళ్ళు గుక్కపట్టి ఏడ్చాడు. ఈశ్వరి వాణ్ణి భుజాన వేసుకుని తిరిగింది. నడక ఆలస్యంగా వచ్చినా తర్వాత గట్టిపడ్డాడు. ఆమెకు ఇంకా ఇద్దరు పుట్టారు, రెండు కాన్పులూ ధర్మవరంలోనే. తల్లిని రానివ్వలేదు. గంగాధరతో కాపురం చేసింది, మగ్గం దగ్గర కూర్చుంది. అయితే ఆయన పిల్లల నోటికి కలకండ ముక్క అందించబోయినా, "ఇట్లియ్యి" అని తీసుకుని ముందు తన నాలుక మీద పెట్టుకుని చూసేది. ఆయన తల తిప్పుకునేవాడు.