పాస్‌పోర్టు అడగని దీవి

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన కాలంలో, మాకు తెలిసిన భూగోళం బడి పుస్తకంలో ఉన్నదానికంటే చాలా సులువుగా ఉండేది. అందులో రెండే రకాల చోట్లు. వెళ్ళి తిరిగి రాగలిగేవి, వెళ్తే తిరిగి రానిస్తారో లేదో తెలియనివి. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయి, పొడిగింపు కాగితం మాత్రం చేతిలో ఉన్నవాళ్ళం మేము. దేశం లోపల ఉన్నంతకాలం హాయిగా ఉద్యోగం చేసుకోవచ్చు, పన్ను కట్టుకోవచ్చు, హైవే మీద విసుక్కోవచ్చు. గీత దాటామంటే మాత్రం స్టాంపు కోసం హైదరాబాద్ వెళ్ళి, అది ఏ వారం వస్తుందో తెలియక, అమ్మ చేతి పెసరట్లు తింటూ ఉద్యోగం పోగొట్టుకోవాలి. అందుకని మేము నయాగరాను ఇటువైపు నుంచే చూశాం. (అటువైపు నుంచి ఇంకా బాగుంటుందంటారు. కావచ్చు. ఫోటోలో బాగానే ఉంది.) ఆఫీసులో మా టీమంతా మెక్సికో బీచ్‌కి వెళ్ళిన వారం నేను వాళ్ళ బల్లల మీది మొక్కలకు నీళ్ళు పోశాను. తిరిగొచ్చాక మొక్కలను అందరూ మెచ్చుకున్నారు.

ఈ భూగోళానికి మా అపార్ట్‌మెంటులో ఒక అధికారి ఉండేవాడు. వరంగల్ నుంచి వచ్చినవాడు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగే అయినా, ఇమ్మిగ్రేషన్ ఫోరమ్‌లన్నీ చదివి చదివి మా అందరికీ ప్లీడరన్న అయ్యాడు. ఏ పనిలోనైనా ఏం తప్పు జరగవచ్చో ముందే ఊహించడం టెస్టరుగా అతని వృత్తి. ఆ వృత్తిని అతను ఇంటికి కూడా తెచ్చుకునేవాడు.

ఆదివారాలు నేను గుడి వెనక హాల్లో పిల్లలకు తెలుగు నేర్పేవాణ్ణి. ఏడెనిమిదేళ్ళ పిల్లల మధ్య, వెనక బెంచీలో, మోకాళ్ళు బల్లకింద పట్టక పక్కకు పెట్టుకుని ఒకామె కూర్చునేది. టెక్సాస్‌లోనే పుట్టింది, ఒక స్కూల్లో సైన్సు టీచరు. మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. పిల్లలందరూ పిలుస్తారు కాబట్టి తనూ నన్ను సార్ అనేది. కానీ 'మీరు' వరకూ వెళ్ళేది కాదు, 'నువ్వు' దగ్గరే ఆగిపోయేది. "సార్, ఈ క్ష ఏంటి ఇలా ఉంది? ఎవరైనా దాని మీద కూర్చున్నారా?" అని అడిగింది ఒకసారి. ఆ రోజంతా ఆ అక్షరం వైపు చూస్తూ గడిపాను. ఆ తర్వాత మేమిద్దరం క్లాసయ్యాక ఇండియన్ స్టోరు పక్కన చాయ్ తాగడం మొదలుపెట్టాం. వారంలో మిగిలిన ఆరు రోజులు ఎందుకుంటాయో నాకు అర్థమయ్యేది కాదు. ఈ విషయం ఆమెకు చెప్పాలని అనుకుంటూ ఉండగానే, ఆమె ఏడాదిపాటు పాఠాలు చెప్పడానికి పోర్టోరికోలోని సాన్ హువాన్ వెళ్ళిపోయింది.

ఆ బడి ఏడాది చివర్లో, మే నెలలో, ఒక సోమవారం ఫోన్ వచ్చింది.

"సార్, స్కూల్‌వాళ్ళు ఇంకో టూ ఇయర్స్ ఉండమంటున్నారు. నెక్స్ట్ మండే లోపల సైన్ చేయాలి. ఈ వీకెండ్ నువ్వు రా. నువ్వు వచ్చాక డిసైడ్ చేస్తా."

తెలివైన కుర్రాడినని నాకు ఊళ్ళో కొంచెం పేరుండేది. అంత తెలివి లేకపోయినా ఆ మాటకు అర్థం తెలుస్తుంది. నాకూ తెలిసింది. గుండె ఎక్కడో సముద్రం మీద తేలుతున్నట్టయింది. అప్పుడు నేనన్న మాట ఇది.

"పాస్‌పోర్టు కావాలా?"

"నాకు వద్దు. నేను డ్రైవర్స్ లైసెన్స్‌తో వచ్చా. ఇది అమెరికానే సార్."

అది అమెరికానే అని నాకూ తెలుసు. ఆ వారమంతా నేనూ ప్లీడరన్నా కూర్చుని ఇంకా తెలుసుకున్నాం. అది అమెరికాదే, కానీ రాష్ట్రం కాదు. అక్కడ పుట్టినవాళ్ళు పౌరులే, కానీ అక్కడ ఉన్నంతకాలం అధ్యక్షుడికి ఓటు వెయ్యలేరు. ఇంట్లోనే ఉంటూ, ఇంటి విషయాల్లో మాట చెల్లని పరిస్థితి. చూడకుండానే ఆ దీవి అంటే నాకు చుట్టరికం కలిసినట్టయింది.

"అమెరికాదే అయిన వర్జిన్ ఐలాండ్స్‌కెళ్ళి వాపస్ వచ్చేటప్పుడు చెక్ చేస్తరంట," అన్నాడు ప్లీడరన్న, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా. "అమెరికన్ సమోవా అయితే పోయేటప్పుడే అడుగుతరంట. పోర్టోరికోల మాత్రం అడగరంట. ఆ అడగరన్నదే నాకు డౌట్ కొడ్తుంది."

"అడక్కపోతే మంచిదేగా అన్నా."

"ఏం మంచిదిర? రేపు ఎవడన్న వచ్చి నువ్వు లోపలికి ఎట్లొచ్చినవ్ అంటే ఏం చూపిస్తవ్? స్టాంప్ ఉంటదా? ఎంట్రీ ఉంటదా? గాల్లకెళ్ళి ఊడిపడ్డ అంటవా?"

మూడేళ్ళకోసారి స్టాంపులతో, నెలకోసారి నకళ్ళతో బతికేవాడికి, ఎవరూ ముద్ర వెయ్యకుండా ఒక ఊళ్ళోకి నడిచి వెళ్ళడం గోడ దూకినట్టే అనిపిస్తుంది. మీకు నవ్వుగా ఉండవచ్చు. నాకు అప్పట్లో అది ఇంగితజ్ఞానం.

శుక్రవారం సాయంత్రానికి నా ఫైలు సిద్ధమైంది. పాస్‌పోర్టు, పొడిగింపు కాగితం, జీతం చీటీలు, అపార్ట్‌మెంటు లీజు, డిగ్రీ, పదోతరగతి మార్కుల జాబితా. (హిందీలో వచ్చిన మార్కులు చూసి ఆఫీసరు ఏమనుకుంటాడో అని అది తీసేశాను. మళ్ళీ పెట్టాను.) సంచీలో మిగిలిన చోటులో చొక్కాలు రెండు పట్టాయి.

శనివారం పొద్దున విమానం టెక్సాస్ దాటి సముద్రం మీదికి వచ్చింది. కిటికీలోంచి చూస్తే నీలం కింద ఇంకో నీలం, దాని మీద ఉతికి ఆరేసినట్టు తెల్లటి మబ్బులు. ఎక్కడా గీత లేదు. ఇటు మనది, అటు వేరేవాళ్ళది అని నీళ్ళ మీద ఎవరూ రాయలేదు. ఆమెతో ఏం చెప్పాలో అనుకుంటూ, చెప్పినట్టూ ఆమె నవ్వినట్టూ ఊహించుకుంటూ, సగం నిద్రలో రెండు గంటలు గడిపాను. మెలకువ రాగానే ఎయిర్‌హోస్టెస్‌ను పిలిచి, దిగేముందు నింపే ఫారం ఇవ్వలేదని గుర్తుచేశాను. ఆమె వేరుశెనగల పొట్లం ఇచ్చింది. చక్రాలు నేలను తాకగానే ప్రయాణికులంతా చప్పట్లు కొట్టారు. అక్కడి అలవాటట. నేనూ కొట్టాను, నాకు ఇంకా అనుమతి రాలేదని తెలిసి కొంచెం మెల్లగా.

జనంతోపాటు నడిచాను. కాఫీ కొట్టు వచ్చింది, సామాన్ల బెల్టు వచ్చింది, ఆ తర్వాత గాజు తలుపు వచ్చింది. తలుపు అవతల ఎండ, కొబ్బరిచెట్లు, కార్లు. అంతే. ఎక్కడా కౌంటరు లేదు. ఫోన్‌లో ఆమె మెసేజ్: బయట ఉన్నా, వైట్ కార్.

నేను వెనక్కి తిరిగాను. కౌంటరు నా కంటపడలేదేమోనని విమానాశ్రయం ఆ చివర నుంచి ఈ చివరకు రెండుసార్లు వెతికాను. చివరికి నెరిసిన మీసాల సెక్యూరిటీ గార్డు ఒకాయన కనబడితే, ఫైలు తెరిచి, ఇమ్మిగ్రేషన్ ఎక్కడ అని అడిగాను.

"ఎక్కణ్ణించి వచ్చావు?"

"డాలస్."

"డాలస్ ఏ దేశంలో ఉంది?"

"అమెరికా."

"మరి ఇది ఏ దేశం?"

వారం రోజులు చదివిన ప్రశ్న. అయినా నోట్లోంచి, "అన్‌ఇన్‌కార్పొరేటెడ్ టెరిటరీ," అని వచ్చింది. (దేశంలో పూర్తిగా కలపని ప్రాంతం అని. ఫోరమ్‌లో అలాగే రాసి ఉంది.)

ఆయన నా ఫైలు తనే మూసేశాడు. కోపంగా కాదు. "నేను ఈ దేశం సైన్యంలో ఇరవై ఏళ్ళు పనిచేశాను బాబూ," అన్నాడు. "కొంచెం పక్కకు జరుగు. వెనక జనం ఇంటికి వెళ్తున్నారు."

నేను జరిగాను. సిగ్గుపడ్డాను కూడా. అయితే సిగ్గుకు ముద్ర ఉండదు కదా, అందుకని ఎయిర్‌లైన్ కౌంటరు దగ్గర వరసలో నిలబడి, నేను ఫలానా విమానంలో న్యాయంగానే దిగానని ఒక కాగితం రాయించుకున్నాను. మొత్తం గంటా పది నిమిషాలు పట్టింది. అక్కడ కారు ఆపనివ్వరు కాబట్టి ఆమె అంతసేపూ విమానాశ్రయం చుట్టూ తిరిగింది. తొమ్మిదిసార్లట.

కారెక్కాక, మొదటి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సంగతి చెప్పాను. ఆమె స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "సార్, నన్ను చూడ్డానికి వచ్చావా, ఆఫీసర్‌ని చూడ్డానికి వచ్చావా?" అంది.

సాయంత్రం పాత కోట ముందున్న పెద్ద పచ్చికబయలుకి తీసుకెళ్ళింది. అక్కడ చిన్నాపెద్దా అందరూ గాలిపటాలు ఎగరేస్తున్నారు. కోట గోడ కింద సముద్రం మెల్లగా కొట్టుకుంటోంది. పచ్చిక మీద పడుకుంటే ఆకాశం నిండా రంగులు, దారాలు కనపడవు. ఒక్కొక్క గాలిపటం ఎవరిదో తెలియదు, దేనికి అదే వచ్చి అక్కడ ఉన్నట్టుంది. ఇక్కడే ఉండిపోతే బాగుండుననిపించే సాయంత్రాలు జీవితంలో మూడో నాలుగో వస్తాయి. నాకు అది మొదటిది.

"సార్, సైన్ చేయనా వద్దా?" అంది ఆమె ఆకాశం వైపు చూస్తూనే.

"నా పొడిగింపు సెప్టెంబరు దాకా ఉంది," అన్నాను. "ఆ తర్వాతది ఇంకా పెండింగ్."

"నేను వీసా గురించి అడగలేదు."

నా దగ్గర ఫైలు ఉంది. ఆ ఫైల్లో దీనికి కాగితం లేదు. "నీ ఇష్టం," అన్నాను. అది గౌరవంగా ఉంటుందని నా ఉద్దేశం. మా ఇంట్లో మగవాళ్ళందరూ అదే అంటారు.

"ఓకే," అంది. ఆ తర్వాత గాలిపటాల గురించే మాట్లాడుకున్నాం.

మరునాడు మధ్యాహ్నం విమానాశ్రయం దగ్గర దింపి, స్కూలు ఆవరణలో చెట్టుకు కాసిందని ఒక మామిడిపండు చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. లోపలికి వెళ్ళగానే తనిఖీ బల్ల కనబడింది, యూనిఫారంలో ఒకావిడతో సహా. రెండు రోజులుగా వెతుకుతున్న మనిషి. ఫైలు తెరిచి ముందు పెట్టాను. ఆవిడ దాన్ని పక్కకు నెట్టి, సంచీని యంత్రంలోకి పంపి, "మామిడిపండు ఉందా?" అంది. ఉందన్నాను. వ్యవసాయశాఖ తనిఖీ అది. పురుగు పడుతుందని తాజా మామిడిని అక్కణ్ణించి మెయిన్‌లాండ్‌కి రానివ్వరట.

"నువ్వు వెళ్ళొచ్చు. పండు వెళ్ళకూడదు," అంది. నా మొహం చూసి జాలిపడినట్టుంది. "కావాలంటే ఇక్కడే తినెయ్."

ఆ బల్ల పక్కన నిలబడి తిన్నాను. రసం మోచేతిదాకా కారింది. జనం నన్ను దాటుకుని వెళ్తున్నారు. నన్ను ఎవరూ ఆపడం లేదు. ఇక్కడికి వచ్చేటప్పుడూ ఆపలేదు, నిన్న సాయంత్రం పచ్చిక మీదా ఎవరూ ఆపలేదు. ఇంతకాలం నేను ఎవరి ముందు వరసలో నిలబడ్డానో, టెంక చీకుతుండగా మెల్లగా తెలిసింది. జిగురు వేళ్ళతో ఫోన్ చేశాను.

"సైన్ చెయ్యొద్దు," అన్నాను. "నీ ఇష్టం అన్నది తప్పు. నా ఇష్టం చెప్తున్నా. నువ్వు రా."

"పొద్దున్నే చేసేశా సార్. ఆన్‌లైన్‌లో. టూ ఇయర్స్."

నేను టెంక పట్టుకుని నిలబడ్డాను.

"సో," అంది, గొంతులో నవ్వో మరేదో, "నెక్స్ట్ మంత్ నువ్వే రా. ఎవరినీ ఏమీ అడక్కు. స్ట్రెయిట్‌గా బయటికి రా."

వెళ్ళాను. ఆ పై నెలా వెళ్ళాను. పాస్‌పోర్టు జేబులో ఉండేది, మాలాంటివాళ్ళకు అది ఉండటమే మంచిది, అయినా రెండేళ్ళలో దాన్ని ఒక్కరూ అడగలేదు. రెండేళ్ళయ్యాక ఆమె ఇర్వింగ్ వచ్చేసింది. ఆ సంగతి జరిగి చాలా ఏళ్ళయింది. శనివారం సాయంత్రం ఎక్కడ తిందామని ఆమె అడిగినప్పుడు ఇప్పటికీ నాకు పెదవిదాకా 'నీ ఇష్టం' అన్న పాత మాటే వస్తుంది. ఆమె మెనూ మూసేసి నా వైపు చూస్తూ కూర్చుంటుంది, తొందరేమీ లేనట్టు. అప్పుడు ఇరవై ఆరేళ్ళ ఆ కుర్రాడు నాలో కొంచెం కంగారుపడి, కొంచెం ఆలోచించి, ఎవరినీ అడగకుండా, బిర్యానీ అంటాడు.