జబ్బ ఎముక దాటే తూటా

అమెరికాలోని ఓజార్క్ కొండల్లో నెల్డా చేతి ఆపిల్ జామ్ రుచి చూడని ఇల్లు లేదు. చర్చిలో చివరి బల్ల మీద కూర్చుని, పాట అయిపోగానే లేచి వచ్చేసే మనిషి. పెనిమిటి ఆర్విల్ పోయి ఏడాదైంది. ఆ ఏడాదిలో ఆమె మరిది హార్లన్‌ని నోరు తెరిచి అడిగిన సాయం ఒక్కటే: ఆర్విల్ రివాల్వర్‌లో ఏ తూటా వెయ్యాలో తేల్చమని.

కిందటి నవంబరులో ఆర్విల్ ఆ రివాల్వర్‌తోనే ఒక కొమ్ముల దుప్పిని కొట్టాడు. మణికట్టు నొప్పిగా ఉందని, తూటాలు తనే చేసుకునే మనిషి కాబట్టి, ఆ ఏడాది ముక్కున గుంట ఉన్న తేలిక గుండ్లు బిగించుకున్నాడు. అవి తన్నవు, వేగంగా పోతాయి. కానీ గుండు దుప్పి జబ్బ ఎముకకు తగిలి అక్కడే చితికిపోయి ఉంటుంది. దుప్పి కుడి ముందుకాలు ఈడ్చుకుంటూ పారిపోయింది. దాని నెత్తురు జాడ పట్టి వెళ్ళిన ఆర్విల్, మర్నాడు ఓక్ మానుకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. గుండె ఆగిపోయింది. దుప్పి మాత్రం దొరకలేదు.

ఈ అక్టోబరు నుంచి పొద్దు గూకే వేళ ఒక దుప్పి పెరట్లోకి రావడం మొదలుపెట్టింది. కుడికాలు ఈడుస్తుంది. రాలిన ఆపిల్ పళ్ళు ముట్టదు. వంటింటి కిటికీ వైపు చూస్తూ నిలబడుతుంది, నెల్డా తెర లాగేదాకా. పొద్దున్నే మంచు మీద మూడు గిట్టల గుర్తులు, పక్కనే ఒక గీత. ఒకరోజు ఆ జాడ వెనక మెట్టు దాకా వచ్చింది. తిరిగి వెళ్ళిన జాడ లేదు.

తన రైఫిల్‌తో ఒక్క దెబ్బకు కూల్చేస్తానన్నాడు హార్లన్. నెల్డా ఒప్పుకోలేదు. ఆయన సగంలో వదిలిన పని ఆయన ఆయుధంతోనే ముగియాలి. ఒక్కటే దెబ్బ. దాన్ని మళ్ళీ గాయపరిచి పంపనని ఆమె పట్టుదల.

బండ ముక్కున్న బరువు గుండ్లు వద్దని, గుంట ముక్కువే వాడమన్నాడు అతను, ఆమె చేతికి అవే తేలికని. "ఆ బరువువి పేల్చావంటే ఎగిరెళ్ళి ఆపిల్ చెట్టులో పడతావు వదినా."

"పడితే పళ్ళతోపాటు నన్నూ ఏరుకుందువుగాని," అంది నెల్డా.

చూసి తేల్చుకుందామని, మాంసం కొట్టు నుంచి ఎద్దు జబ్బ ఎముక తెచ్చి, దాని వెనక తడిపిన పాత పేపర్లు పేర్చింది. నలభై అడుగుల నుంచి కాల్చింది. గుంట ముక్కుది ఎముక దగ్గరే పువ్వులా విచ్చి, జానెడు పేపర్లలో ఆగిపోయింది. బండ ముక్కున్న బరువు సీసం ఎముకను పగలగొట్టి, కట్టంతా దాటి, వెనక పలకలో దిగింది. హార్లన్ ఆ కన్నంలో వేలుపెట్టి చూసి, బరువు తూటాల పెట్టె ఆమె వైపు జరిపాడు.

ఆ రోజు నుంచి బరువు తూటాలతోనే సాధన చేసింది. మోచేతులు ఇసుక సంచి మీద ఆనించి, పేల్చినప్పటి తన్నుకి కళ్ళు మూసుకోకుండా ఉండటం నేర్చుకుంది. తేలిక తూటాల పెట్టె పై అరలో పెట్టేసింది. తెల్లారి చూస్తే అది బల్ల మీద మూత తెరిచి ఉంది. అలా మూడుసార్లు. నిద్రలో నడుస్తున్నావేమో అన్నాడు హార్లన్. కావచ్చు అంది. కానీ ఆ అర ఆమెకు ముక్కాలిపీట ఎక్కితే తప్ప అందదు.

వేటకాలం చివరిరోజు సాయంత్రం ఇద్దరూ పెరటి పాక గోడవారగా కూర్చున్నారు. నెల్డా తూటాలగది తిప్పి ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసుకుంది. అన్నీ బండ ముక్కువే. ఇంకా గురి కనిపించే వెలుగుండగానే ఆకుల మీద ఈడుపు చప్పుడైంది. దుప్పి వచ్చి, అడ్డంగా నిలబడి, కిటికీ వైపు చూసింది. నెల్డా దాని జబ్బ మీద గురిపెట్టి కాల్చింది. అది నాలుగంగలు వేసి కూలింది. మళ్ళీ కదలలేదు.

పాకలో వేలాడదీసి హార్లన్ తోలు ఒలిచాడు. కుడి జబ్బ దగ్గరికి వచ్చేసరికి అతని కత్తి ఆగింది. ఆమె కాల్చిన గుండు ఎడమ జబ్బలో దిగి, కుడివైపు పక్కటెముకల వెనకగా బయటికి పోయింది. కుడి జబ్బ మీద మచ్చ లేదు, చితికిన సీసం లేదు. ఎముక నున్నగా, పాత విరుపు అన్నదే లేకుండా ఉంది. కాలు చివరి దాకా తడిమి చూశాడు. గిట్ట కూడా అరిగి లేదు.

"అది కుంటుతూనే వచ్చింది కదూ వదినా?"

"నువ్వూ చూశావుగా."

హార్లన్ కత్తి కడుక్కున్నాడు. చాలాసేపు కడుగుతూనే ఉన్నాడు. నెల్డా సీసం కరిగించే గిన్నె దించి, పొయ్యి అంటించింది. ఆయన కొట్టింది ఇది కాదు, అది మళ్ళీ వస్తుందంది. నవంబరు దాకా చాలా రోజులున్నాయి, అయినా బరువు గుండ్లు ఇప్పుడే పోసి పెట్టుకుంటానంది.