జీవమ్మ నోరు

ఆళ్లగడ్డలో జీవమ్మకు నచ్చిన మనిషంటూ ఒక్కరు లేరు. ఆ సంగతి ఆమె దాచుకోనూ లేదు. ఆదివారం చర్చిలో పాస్టరు ప్రార్థన మరీ సాగదీస్తే, "దేవునికి వేరే పన్లుండావప్పా, ఇంగ ముగించు" అని వెనక వరసలోంచి నలుగురికీ వినపడేటట్టు గొణిగేది. మిగతా రోజులు శిల్పాల షెడ్డులో పని. మగవాళ్లు చెక్కిన విగ్రహాలను నీళ్లు పోస్తూ రుద్ది నునుపు చేయడం ఆమె వంతు. "రాయికి ఇంత చక్కని ముక్కు పెడ్తాడు, సొంత ముక్కు తుడ్సుకునేది మాత్రం రాదు" అని శిల్పి ముందరే అనేది. మొగుడు సంజీవయ్య నంద్యాలలో విత్తనాల గోడౌన్‌కు వాచ్‌మన్. నెమ్మదస్తుడు. ఆ నెమ్మదికి కూడా తిట్లు తప్పేవి కావు.

ఒక ఎండాకాలం నీళ్ల ట్యాంకరు రోజూ వార్డు మెంబరు ఇంటి ముందరే ఆగిపోతుంటే, జీవమ్మ నడిరోడ్డు మీద బిందె బోర్లించి దానిమీద కూర్చుంది. మెంబరు లుంగీ ఎగ్గట్టుకుని వచ్చాడు.

"ఏందమ్మే, రోడ్డు నీ నాయనదా?"

"నా నాయనది గాదు. నీ నాయనది అంతకన్నా గాదు. ట్యాంకరు ముందుకు పోనీ."

వెనక బస్సు ఆగింది. బస్సు వెనక ట్రాక్టరు ఆగింది. బస్సులో వాళ్లు దిగి, విషయమేంటో తెలుసుకోకుండానే జీవమ్మ వైపు మాట్లాడటం మొదలుపెట్టారు. ట్యాంకరు ముందుకు కదిలింది. జీవమ్మ ఆ సంగతి మళ్లీ తలుచుకోలేదు. ఆమెకు అది తుమ్మడం లాంటి పని. వచ్చింది, తుమ్మింది, అయిపోయింది.

కూతురు సిరి చదువులో చురుకు. ఆ చదువు నిలబెట్టాలంటే సంజీవయ్య జీతం చాలదని తేలిపోయాక, పాణ్యంలో ఒక ఏజెంటును పట్టుకుని జీవమ్మ కువైట్‌కు బయలుదేరింది. బస్సు ఎక్కేటప్పుడు సంజీవయ్య కళ్లు తుడుచుకుంటుంటే, "నువ్వు ఏడ్సేది ఆపు. ఈడేముండాది నేను ఎనక్కి తిరిగి సూసేదానికి? దుమ్ము, కుక్కలు, మీరూ" అంది. నిజంగానే వెనక్కి తిరిగి చూడలేదు.

కువైట్‌లో ఆమె పని ఒక పెద్ద ఇంట్లో. యజమానురాలిని 'మామా' అని పిలవాలన్నారు. మామ ఎవరో, ఆడమనిషి ఎవరో తేడా తెలియని దేశానికి వచ్చానని జీవమ్మ మొదటిరోజే తేల్చేసుకుంది. నేర్చుకోవాల్సిన రెండో మాట 'హాదిర్'. అంటే చిత్తం అని. చెప్పిన పనికి హాదిర్. చెప్పిన పని తప్పని తెలిసినా హాదిర్. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉన్నంతకాలం ఇంతకుమించి భాష అక్కర్లేదని ఆమెకు తొందరలోనే అర్థమైంది.

పై అంతస్తులో బ్లెస్సీ అనే అమ్మాయి పనిచేసేది. ఊరు జూపాడు బంగ్లా. చెత్త పారేయడానికి ఇద్దరూ ఒకేసారి మెట్ల దగ్గరికి వస్తే అక్కడే నాలుగు మాటలు. బ్లెస్సీ నోరు తెరిస్తే ఇంటి బెంగే.

"మావూర్లో ఈ టైముకు వాన పడుతుంటాదక్కా. మట్టి వాసన వస్తాంటాది."

"మట్టి వాసన మూట గట్టుకోని పోతావా? ఆ మట్టిలోనే గదా మీయమ్మ నడుం ఇరగ్గొట్టుకునింది. ఏడుపు ఆపి చెత్త పారెయ్."

ఊరు తలుచుకుని ఏడ్చేవాళ్లను చూస్తే ఆమెకు అంత చులకన.

ఒకరోజు విందు జరుగుతోంది. ఆ ఇంటి పెద్దకొడుకు ఫోన్ చూసుకుంటూ నడిచి బల్లకు తగులుకున్నాడు. పెద్ద గాజు పాత్ర కిందపడి ముక్కలైంది. అతను తల కూడా ఎత్తకుండా జీవమ్మ వైపు వేలు చూపించాడు. మామా వచ్చి అందరి ముందూ అరిచింది. జీవమ్మ నోట్లోంచి వచ్చిన మాట 'హాదిర్'. ఆ మాట అన్నది తనేనా అని తనకే అనుమానం వచ్చింది. గాజుముక్కలు ఏరుకుని వంటింట్లోకి పోయి, తలుపు దగ్గరికి వేసి, గిన్నెలను తిట్టడం మొదలుపెట్టింది. అచ్చమైన ఆళ్లగడ్డ తిట్లు. ఆ అబ్బాయి కళ్లతో మొదలై, వాణ్ని కన్నవాళ్ల దాకా, వాళ్లను కన్నవాళ్ల దాకా పోయింది. వెనక నవ్వు వినపడింది. మూలన కుర్చీలో ఆ ఇంటి ముసలావిడ కూర్చుని ఉంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, సంగతంతా అర్థమైనట్టు కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఇంకా తిట్టమన్నట్టు చెయ్యి ఊపింది.

జీవమ్మకు నవ్వు రాలేదు. నీళ్ల ట్యాంకరు గుర్తొచ్చింది. బిందె మీద కూర్చున్న తను, లుంగీ ఎగ్గట్టుకున్న మెంబరు, ఊరూ పేరూ అడక్కుండా తన తరఫున గొంతు చించుకున్న బస్సు జనం. ఆ పనికిమాలిన ఊళ్లో తనకు ఒకటి ఉండేదని, దాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదని అప్పుడు తట్టింది. బొగ్గు ముక్కంత ఖరీదు కూడా లేనిదనుకున్న తన నోరు. గిన్నె తోముతూ తోముతూ ఏడ్చింది. బ్లెస్సీ చూడలేదు కాబట్టి సరిపోయింది.

ఆ ఏడు ఆగస్టులో తెలుగు సంఘం వాళ్లు ఒక శుక్రవారం హాలు అద్దెకు తీసుకుని స్వాతంత్ర్య దినోత్సవ సభ పెట్టారు. సంఘం అధ్యక్షుడు ప్రేమ్ సాగర్‌ది నంద్యాలే. పనివాళ్లను కంపెనీలకు సరఫరా చేసే వ్యాపారం. బ్లెస్సీ బతిమాలితే జీవమ్మ వెళ్లింది. మనూరాయనే కదా అని ముందుకు పోయి, "సార్, మాది ఆళ్లగడ్డ. పుట్టిల్లు దొర్నిపాడు" అంది.

"ఓ! నైస్, వెరీ నైస్" అన్నాడాయన, ఆమె భుజం మీదుగా ఇంకెవరినో చూసి చెయ్యి ఊపుతూ.

తర్వాత స్టేజీ ఎక్కి నంద్యాల మట్టి వాసన గురించి మాట్లాడాడు. కళ్లు తడవకముందే కర్చీఫ్ బయటికి వచ్చింది. జీవమ్మ చేతులు కట్టుకుని వింది. చిన్నప్పుడు దొర్నిపాడు నల్లరేగడిలో కలుపు తీసిన మనిషి ఆమె. వాన పడితే ఆ మట్టి చెప్పును లాక్కుంటుంది, ఎండితే మడమను కోస్తుంది. అందులో ఒక్క పూట వంగినవాడు దాని వాసన తలుచుకుని ఏడవడు, నడుము తడుముకుంటాడు. "పరాయి గడ్డ మీద చెమటోడ్చి దేశాన్ని పోషిస్తున్న మన అమ్మలకు, అక్కలకు పాదాభివందనం" అని ఆయన వంగినప్పుడు హాలంతా చప్పట్లు. పక్కన బ్లెస్సీ వెక్కిళ్లు పెట్టింది.

భోజనాల దగ్గర ఆ పాదాభివందనం సంగతి తేలిపోయింది. "ఫ్యామిలీస్ ముందు. ఖద్దామాలు తర్వాత" అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ వాలంటీరు. పనిమనుషులను అక్కడ అట్లా అంటారు. అమ్మలూ అక్కలూ ఎండలో బయట నిలబడ్డారు. లోపలికి వచ్చేసరికి బిర్యానీ గిన్నె అడుగు కనిపిస్తోంది. మిగిలింది తెల్లన్నం, చారు. ప్రేమ్ సాగర్ అటుగా వచ్చి చేతులు జోడించి, "మనవాళ్లే కదా, సర్దుకుంటారు" అని వాలంటీరుతో చెప్పి వెళ్లిపోయాడు. తిట్టు జీవమ్మ నోటిదాకా వచ్చింది. ఆయనకు తన యజమాని తెలుసు. తన పని పోవడానికి ఒక ఫోన్ చాలు. చారన్నం కలుపుకుని తింది. మింగినదాంట్లో అన్నం తక్కువ, మాటలు ఎక్కువ.

సిరి నంద్యాలలో నర్సింగ్ చివరి సంవత్సరంలోకి రాగానే, ఇక చాలనుకుని జీవమ్మ శాశ్వతంగా వచ్చేసింది. నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ మీదుగా పోయే బస్సు కండక్టరు ఆమె అట్టపెట్టెను చూసి, "ఇంత డబ్బా బస్సులోకి ఎక్కించేది లే. దిగు" అన్నాడు.

"యాల ఎక్కియ్యవ్?" అంది జీవమ్మ.

అడిగాక ఒక్క క్షణం భయమేసింది. హాదిర్ అనకుండా ఎందుకని ఎదురు ప్రశ్న వేసి ఎన్నో ఏళ్లయింది. ఏమీ కాలేదు. కండక్టరు మొహం చిట్లించాడంతే. దాంతో ఆమె గొంతు తెరుచుకుంది. ఎరువు బస్తా ఎక్కించినవాడివి, కోళ్ల గంప ఎక్కించినవాడివి, నా పెట్టెకు వచ్చిన రోగమేంటని మొదలుపెట్టి, ఆ బస్సు పుట్టుపూర్వోత్తరాల దాకా పోయింది. కోళ్ల గంప ఆసామి తన కోళ్ల జోలికి రావద్దని ఆమెను తిట్టాడు. ఒక ముసలమ్మ కండక్టరును తిట్టింది. వెనక సీటులో ఒకాయన అందరినీ కలిపి తిట్టాడు. "ఎక్కు తల్లీ, నీకో దండం" అని కండక్టరే పెట్టె లోపలికి లాగాడు. ముసలమ్మ జరిగి చోటిచ్చింది. ఎక్కడనుంచి వస్తున్నావు, ఎవరిదానివి అని ఒక్కరూ అడగలేదు. చాగలమర్రి దాకా పోయే జనంతో, చెమట వాసనతో బస్సు కిక్కిరిసి ఉంది. ఇంత దరిద్రపు బస్సు ప్రపంచంలో ఎక్కడా ఉండదని జీవమ్మ అనుకుంది. ఆ అనుకోవడంలో ఎంత సుఖముందో ఆమెకే తెలుసు.

కొన్ని నెలలకు సిరి పరుగెత్తుకుంటూ వచ్చింది. కాలేజీలో సభ. 'విదేశాల్లో ఉన్నా మాతృభూమిని మరవకు' అని పేరు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన తల్లి మాట్లాడితే బాగుంటుందని ఆమె పేరు ఇచ్చిందట. ముఖ్య అతిథి ప్రేమ్ సాగర్. ఇప్పుడు విదేశాలకు నర్సులను కూడా పంపిస్తున్నాడు.

"నేను రాను. ఆ మొగానికి దండం పెట్టల్లంటే నాతో కాదు."

"పేరు ఇచ్చేసినా మా. నా ఉద్యోగం ఆయన చేతుల్లో ఉండాది. రెండు ముక్కలు చెప్పి దిగు, అంతే."

వెళ్లింది. శాలువా కప్పి స్టేజీ మీద కూర్చోబెట్టారు. ప్రేమ్ సాగర్ ఆమెను గుర్తుపట్టలేదు. నంద్యాల మట్టి వాసన గురించి అదే చోట ఆగి, అదే కర్చీఫ్ తీశాడు. తర్వాత మైకు ఆమె చేతికి వచ్చింది.

"నా పేరు జీవమ్మ. కువైట్‌లో అంట్లు తోమినా. ఈ సారు దేశమంటే మట్టి అంటాండాడు. నాకు ఆడ మట్టి గుర్తుకు రాలేదు. ఈడ నేను ఎవర్నైనా 'యాల?' అని అడుగుతా. వాడు జవాబు చెప్పడు, అది వేరే. అడిగినందుకు నన్ను ఊరి నుంచి తరమరు. ఆ ఒక్కటి ఆడ లేకపాయె. దానికే నేను ఏడ్సింది. ఇంగ ఈ సారు. ఆడ సభ పెట్టి మమ్మల్ని అమ్మలన్నాడు. అన్నం కాడికొచ్చేసరికి మమ్మల్ని ఎండలో నిలబెట్టినాడు. మీరు పోతే పోండి పిల్లల్లారా, కష్టం చేసుకోండి. ఇట్లాటోళ్లు స్టేజీ మీద ఏడిస్తే మాత్రం చప్పట్లు కొట్టొద్దండి."

ప్రేమ్ సాగర్ ముఖం ఒక్క లిప్తపాటు బిగుసుకుని, మళ్లీ విచ్చుకుంది. గట్టిగా నవ్వాడు. "చూశారా, మన సీమ ముక్కుసూటితనం! ఇదే, ఇదే నేను అక్కడ మిస్సయ్యేది!" అని తనే చప్పట్లు మొదలుపెట్టాడు. అమ్మాయిలందరూ కొట్టారు. జీవమ్మ నివ్వెరపోయింది. తిట్టును కూడా పూలదండలాగా మెడలో వేసుకునే మనిషిని ఆమె ఇంతవరకూ చూడలేదు. ఇంతలో ఫొటోగ్రాఫరు ముందుకొచ్చాడు. ప్రేమ్ సాగర్ నవ్వుతూ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్యి" అంది జీవమ్మ. మైకు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

ఈసారి చప్పట్లు ఎవరికీ గుర్తు రాలేదు. ఆయన చెయ్యి తీశాడు. జీవమ్మ శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి మెట్లు దిగింది.

విదేశీ ఉద్యోగాలకు ఎంచుకున్నవాళ్లలో తర్వాత సిరి పేరు లేదు. ఆ పిల్ల తల్లి మీద విరుచుకుపడింది. "అంత గొప్ప దేశమైతే అన్నేండ్లు ఆడ యాల ఉంటివి? నువ్వు ఆడ నోరు మూసుకుంటివి గదా. నాకోసం ఒక్క పూట మూసుకోలేకపోతివా?"

"మూసుకున్నది నీకోసమే" అంది జీవమ్మ. చాలాకాలం సిరి తల్లి వడ్డించిన కంచం ముట్టలేదు, తనే వడ్డించుకుని తినేది. సంజీవయ్య మాత్రం సభ అయిన వారమే గోడౌన్ నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. "చెయ్యి తియ్యి అన్నావంట గదమ్మే! హమాలీలందరూ అదే చెప్పుకోని నవ్వుతాండారు." పెళ్లయినప్పటి నుంచి ఆయన అంత గట్టిగా నవ్వడం జీవమ్మ చూడలేదు. "నవ్వింది సాలు, కాళ్లు కడుక్కో" అని కసిరింది కానీ, ఆ రోజు కూర ఆయనకే ఎక్కువ వడ్డించింది.

సిరి నంద్యాలలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. జీవమ్మ మళ్లీ శిల్పాల షెడ్డుకు పోతోంది. మొన్నామధ్య ఒక సాయంత్రం సిరి డ్యూటీ నుంచి వచ్చి, తల్లి పక్కన పీట వాల్చుకుని కూర్చుంది. రోగి తాలూకు మనిషి ఒకడు, పెద్ద కాంట్రాక్టరట, "ఏయ్" అని చిటికె వేసి పిలిచాడట.

"నువ్వేమన్నావ్?" అంది జీవమ్మ శెనక్కాయలు ఒలుస్తూ.

"నాకో పేరుండాది, సార్. అది పల్కేదానికి రాకపోతే సిస్టర్ అను. అది గూడా రాకపోతే బయట కూర్చో అన్నా."

"అంతేనా?" జీవమ్మ పెదవి విరిచింది. "చదువుకున్నావని గానీ, తిట్టేది ఇంగా రాలేదు నీకు."

సిరి ఒలిచిన గింజలు గుప్పెడు తీసుకుని నోట్లో వేసుకుంది.