షెఫీల్డ్‌లో విరిగిన బోల్టు, న్యూకాసిల్‌లో పచ్చ గాజులు

మా చెల్లి లావణ్యకు ఏడో నెల. న్యూకాసిల్‌లో ఆదివారం ఉదయం పదింటికి సీమంతం పెట్టుకున్నారు. అమ్మ వీసా పురుడు సమయానికి తీసుకున్నాం, మా ఆవిడ ఆసుపత్రి డ్యూటీల రోటాలో ఇరుక్కుపోయింది. కాబట్టి ఈ దేశంలో లావణ్యకు పుట్టిల్లంటే నేనొక్కణ్ణే. "నువ్వు రాకుంటే పుట్టింటి గాజులు నేనే కొనుక్కొని నేనే ఏసుకోవల్లన్నా" అంది ఫోన్లో. నవ్వుతూనే అంది గానీ, ఆ మాట వారమంతా నన్ను వదల్లేదు.

శనివారం ఉదయం ఆరున్నరకు మేముండే రీడింగ్‌లో బయల్దేరాను. వెనక సీట్లో గాజుల డబ్బాలు, చీర, పసుపు కుంకుమ, చెల్లి అడిగిన కొబ్బరి నూనె సీసా. ఏకబిగిన నడిపితే న్యూకాసిల్‌కు ఐదున్నర గంటలు పడుతుంది. నేను షెఫీల్డ్‌లో మా కాలేజీ స్నేహితుడు నాయుడి ఇంట్లో ఆ రాత్రికి ఆగి, తెల్లవారాక వెళ్దామనుకున్నాను. ఏ34, ఎం40 దాటి ఎం1 ఎక్కితే ఇక దారి వెతుక్కునే పని ఉండదు. టీ మాత్రం ఫ్లాస్కులో తెచ్చుకోండి. హైవే పక్క సర్వీసుల్లో టీ ధర వింటే తాగకుండానే నిద్ర వదులుతుంది. నాటింగ్‌హామ్ దాటాక బానెట్ లోంచి కీచుమని చప్పుడు మొదలైంది. రేడియో పెంచి వినబడనట్టు నటించాను.

నాయుడు శ్రీకాకుళం వాడు, నటించడం తెలియదు. కారు ఇంటి ముందు ఆగకముందే బయటికొచ్చాడు. బానెట్ ఎత్తి, పగుళ్ళు బారిన బెల్టు చూపించాడు.

"ఈ బెల్టుతో న్యూకాసిల్ ఎల్తావేటి గురూ? దార్లో తెగిందంటే ఇంజన్ కాగిపోద్ది."

చుట్టుపక్కల గ్యారేజీల్లో శనివారం ఖాళీ లేదు. స్పేర్ పార్టుల షాపులో బెల్టు దొరికింది. దాన్ని బిగువుగా పట్టుకునే కప్పీ, ఆ కప్పీ బోల్టు కూడా అదే డబ్బాలో వచ్చాయి. అన్నీ కలిపి అరవై పౌండ్ల లోపే. పాత కప్పీ బోల్టు ఊడదీసి కొత్తవి వేసేస్తే అయిపోతుంది, గంట పని అనుకున్నాం.

నేను అనంతపురం వాణ్ణి. మా వైపు ఇనుము తుప్పు పట్టాలంటే ముందు వాన పడాలి. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది బండి కింద చేరి బోల్టులను తింటూ ఉంటుంది. ఆ సంగతి తెలిసినవాడు నాయుడు, పానా పట్టుకున్నవాణ్ణి నేను. బోల్టు కదలకపోతే బలం చాలలేదనుకున్నాను. పానా పిడికి ఇనప గొట్టం తొడిగి, రెండు చేతులా వేలాడాను. టప్‌మంది. బోల్టు తల పానాతో పాటు చేతికొచ్చింది, మొండెం ఇంజన్‌లో ఉండిపోయింది.

"ఇరిసేసావేటి?"

"నేను యాడ ఇరిచినప్పా? అదే ఇరిగింది."

నాయుడి కారు అడుగుదామంటే, ఆదివారం వాళ్ళావిడ శిరీషకు దాంతో పనుంది. పళ్ళ డాక్టరు, అత్యవసర కేసుల డ్యూటీ. ఆ శనివారం రైళ్ళు సమ్మెలో ఉన్నాయి, ఆదివారం మొదటి రైలు ఎక్కినా పదింటికి చేరలేను. చెల్లికి ఫోన్ చేద్దామని తీసి, మళ్ళీ జేబులో పెట్టేశాను. నిజంగా భయమేసింది.

ఆ కంగారులోనే ఇంకో ఘనకార్యం చేశాను. మా ఇంట్లో తలుపు కిర్రుమన్నా, కుట్టుమిషన్ మొరాయించినా కొబ్బరి నూనే మందు. నాయుడు తుప్పు వదిలించే స్ప్రే కోసం షెడ్డులో వెతుకుతుంటే, నేను సారె సంచి లోంచి సీసా తీసి, అరచేతిలో కరిగించి, బోల్టు మొదట్లో పోశాను. షెఫీల్డ్ చలికి అది నిమిషాల్లో తెల్లగా గడ్డకట్టింది. నాయుడు స్ప్రే తెచ్చి కొడితే ఒక్క చుక్క లోపలికి దిగలేదు. టూత్ బ్రష్‌తో ఆ కొవ్వంతా గీకడానికే అరగంట పట్టింది.

పాత కప్పీ తీసేశాక మొండెం వేలి కణుపంత బయటికి కనబడుతోంది. దాన్ని కరిచిపట్టి తాళం పడే పట్టకారుతో బిగించి, ఇద్దరం వంతులవారీగా తిప్పడం మొదలుపెట్టాం. అప్పుడే టీ తెచ్చిన శిరీష కాసేపు చూసి, కప్పులు గోడ మీద పెట్టింది.

"అన్నయ్యగారూ, ఎందుకలా ఒకే వైపు లాగుతున్నారు? పేషెంట్ పన్ను సగంలో విరిగితే మేం లాగం. లాగితే వేరు లోపలే ఉండిపోతుందండీ. అటూ ఇటూ కదపాలి, కొంచెం కొంచెంగా."

"ఇది పన్ను కాదు శిరీషా" అన్నాడు నాయుడు.

"లోపల ఇరుక్కుంది కదా. కదిపి చూడండి, పోయేదేముంది?"

స్ప్రే పూర్తిగా తుడిచి, ఆరనిచ్చి, గ్యాస్ టార్చ్‌తో బోల్టు చుట్టూ వేడి పెట్టాం. చల్లారాక మళ్ళీ స్ప్రే కొట్టి, టీ తాగినంతసేపు వదిలేశాం. ఈసారి ముందు బిగించే వైపు తిప్పాను, ఆపైన వదులు చేసే వైపు. మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత సన్నగా కీచుమంది. నాయుడు నా భుజం పట్టుకుని "ఆగు, ఆగు, ఇక తొందరపడకు" అన్నాడు. పొద్దు వాలేవేళకు తుప్పు పొడి రాలుస్తూ మొండెం బయటికొచ్చింది. కొత్త కప్పీ, బెల్టు బిగించాక ఇంజన్ ఏ చప్పుడూ లేకుండా తిరిగింది.

ఆదివారం ఆరింటికి బయల్దేరి, ఎం1 నుంచి ఏ1 పట్టుకుని తొమ్మిదింటికల్లా న్యూకాసిల్ చేరాను. ఎంత తోమినా గోళ్ళ నలుపు పోలేదు. పదింటికి లావణ్య కుర్చీలో కూర్చుంది, వాళ్ళత్తగారు నేను తెచ్చిన గాజుల్లో మొదటిది తొడుగుతున్నారు. ఈ నెలల్లో చేతులు బాగా నీరు పట్టాయి, గాజు కణుపు దగ్గర ఆగిపోయింది. ఆవిడ ముందుకు నెడుతున్నారు, చెల్లి పళ్ళ బిగువున ఓర్చుకుంటోంది. సీమంతంలో గాజు చిట్లితే ఆ ఇంట్లో ఎవరి మనసూ బాగుండదు.

"నెట్టొద్దండీ ఆంటీ, ఒక్క నిమిషం" అన్నాను.

సీసాలో మిగిలిన కొబ్బరి నూనె అరచేతిలో కరిగించి, చెల్లి చేతికి రాశాను. గాజు కొంచెం వెనక్కి, కొంచెం ముందుకు, మళ్ళీ వెనక్కి. పచ్చ గాజు మెల్లగా జారి మణికట్టు మీదికి వచ్చింది. ఆంటీ మిగతావి అలాగే తొడిగారు, ఒక్కటీ చిట్లలేదు.

"యాడ నేర్చినావన్నా ఇది?"

"షెఫీల్డ్‌లో, పళ్ళ డాక్టరు దగ్గర."

లావణ్య నవ్వబోయి, నా నల్లటి గోళ్ళు చూసి, ఆ చెయ్యి అలాగే పట్టుకుంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తిరిగొచ్చేటప్పుడు దారంతా ఆ గాజు గురించే ఆలోచించాను. కదలనిదాన్ని చూస్తే ఇంకా బలంగా లాగాలనిపించడం నా స్వభావం. ఆ శనివారం ఆ స్వభావం నా చెల్లిని పుట్టింటి గాజులు లేకుండా కూర్చోబెట్టేదే. కొంచెం వెనక్కి తిప్పడం ఓడిపోవడం కాదని నాకు నేర్పడానికి ఒక బోల్టు విరగాల్సి వచ్చింది. ఇటు రాబోయేవాళ్ళకు ఒక్క సలహా: బండి బెల్టు బయల్దేరడానికి వారం ముందే చూపించుకోండి, తుప్పు బోల్టుకు ముందురోజే స్ప్రే కొట్టి వదిలేయండి. కొబ్బరి నూనె సీసా మాత్రం గాజుల డబ్బా పక్కనే ఉంచండి.