కీ తీసినా ఆగని పొగ

1966 జూలై 17, ఆదివారం, మధ్యాహ్నం మూడున్నర. భిలాయిలో దుర్గ్-రాయపూర్ రోడ్డు పక్కన, ఇప్పుడు నెహ్రూ నగర్ అంటున్న వైపు, నాకూ మస్తాన్‌కీ కలిపి ఒక రేకుల షెడ్డు ఉండేది. అతనిది డెంటింగ్, అంటే సొట్టలు తీసే పని. నాది కరెంటు పని: డైనమో, సెల్ఫు, లైట్లు, హారన్లు. పొద్దుటి నుంచీ వాన. రేకుల మీద మోతకి పక్కనున్న మనిషి మాట కూడా వినబడటం లేదు.

ఆ వానలో సెక్టర్ 4 నుంచి శారదమ్మ గారు కారు తోలుకుంటూ వచ్చారు. ఆమె భర్త ఉక్కు ప్లాంటులో ఇంజనీరు, ఆ వేళ డ్యూటీలో ఉన్నారు. కారు ఇంగ్లీషు వాళ్ళది, పాతది. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, కూర్చుంటే రోడ్డు మీద చాప వేసుకు కూర్చున్నట్టు ఉంటుంది. రాయపూర్ ఆసుపత్రిలో ఆమె తల్లికి మర్నాడు పొద్దున్నే ఆపరేషను. తల్లిది అంత సులువుగా దొరకని గ్రూపు రక్తం, కూతురిదీ అదే. రాత్రికల్లా ఈమె అక్కడ ఉండాలి. పట్టాల మీదికి నీళ్ళొచ్చి రైళ్ళు ఆగిపోయాయి. కారుంది, కానీ దాని వైపర్లు సరిగ్గా వానలోనే ఆగిపోతున్నాయి.

"ఇంతకు ముందు దీన్ని ఏ మెకానిక్కు చూసేడమ్మా?" అని అడిగాను.

"ఎవరూ చూడలేదండి. మీ దగ్గరికే మొదట రావడం" అన్నారు.

స్విచ్ లాగి చూశాను. వైపర్లు శుభ్రంగా ఆడాయి. ఫ్యూజు తీసి చూశాను. ఫ్యూజంటే గాజు గొట్టంలో సన్నటి తీగ. ఎక్కడైనా కరెంటు అడ్డదారి పడితే ముందు అది తెగిపోయి బండిని కాపాడుతుంది. అది బాగానే ఉంది. ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు. కొడుకు పెళ్ళయ్యాక, కోడలు నేర్పితే వచ్చింది. వైర్ల రంగులు మాత్రం వచ్చు, వాటిని బట్టే పని చేసేవాణ్ణి. ఈ కారులో డాష్‌బోర్డు వెనక మసీ నూనే పట్టి అన్ని వైర్లూ ఒకటే నలుపు. గుడ్డ పెట్టి తుడుస్తూ కూర్చుంటే పొద్దు పోతుంది.

షెడ్డులో కనబడని తప్పు రోడ్డు మీద కనబడుతుందని నాకు పని నేర్పిన ఉస్తాదు అనేవాడు. ఆ మాటే ఆమెతో చెప్పి, రేపు వాన తగ్గాక చూద్దామన్నాను. ఆమె గొడుగు మూసి కారెక్కబోయారు. వైపర్లు ఆడినంత దూరం వెళతాను, ఆగితే చేత్తో తుడుచుకుంటానన్నారు. లారీల రోడ్డు, గుడ్డి వాన. ఒంటరిగా పంపడానికి నాకు మనసొప్పలేదు. అలాగని ధైర్యంగా వెళ్ళానని కాదు. మస్తాన్ ముందు పిరికివాణ్ణి కాకూడదని కూడా వెళ్ళాను.

మస్తాన్ నన్ను పక్కకి లాగి, "ఒరే సింహాచలం, ఆ కారు నీకు సాలదు, కాళ్ళు ఇక్కడే ఒగ్గేసి ఎల్లు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ చెయ్యి వదల్లేదు.

పవర్‌హౌస్ దాటాం, భిలాయి-3 దాటాం. వైపర్లు ఆడుతున్నాయి. ఆమె బాగా తోలతారు. నేనే రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా వచ్చే లారీ చక్రాలు మా తలల ఎత్తున ఉండేవి. కుమ్హారి ఇంకా రాకముందు రోడ్డు గతుకుల్లో పడింది. ఒక గోతిలో కారు ధబ్బుమని దిగి లేచింది. వైపర్లు అద్దం మధ్యలో ఆగిపోయాయి.

అద్దం మీద నీళ్ళు తెరలా దిగాయి. ఎదర ఏదో లారీ లైట్లు, పసుపు మరకల్లా ఊగుతున్నాయి. అవి రోడ్డుకి ఏ పక్క ఉన్నాయో తెలియడం లేదు. ఆమె పక్క అద్దంలోంచి తల బయట పెట్టి, రోడ్డంచు చూసుకుంటూ కారుని మట్టిలోకి దింపి ఆపారు. లారీ మమ్మల్ని ఊపేసి పోయింది. అప్పుడు కాలిన రబ్బరు వాసన తగిలింది.

డాష్‌బోర్డు కింద నుంచి పొగ. వైపర్ స్విచ్ ఆపేశాను. పొగ ఆగలేదు. ఆమె కీ తిప్పి చేతిలోకి తీసుకున్నారు. ఇంజను ఆగింది, పొగ ఆగలేదు. ఫ్యూజు పీకి పారేశాను. అయినా పొగ వస్తూనే ఉంది. కీ తీసినా, ఫ్యూజు తీసినా ఆగలేదంటే ఆ కరెంటు నాకు తెలియని దారిన వస్తోంది. అంతకు ముందేడు జాముల్ దారిలో ఒక జీపు ఇలాగే కాలడం చూశాను. మేం నీళ్ళు తెచ్చేలోగా స్టీరింగు చట్రమే మిగిలింది.

ఇక బ్యాటరీ విప్పాలి. ఆ కారులో అది సీట్ల వెనక, రేకు మూత కింద. ఆ వెనకే పెట్రోలు ట్యాంకు. విప్పేటప్పుడు ఒక్క నిప్పురవ్వ లేచినా ఏమవుతుందో తెలిసినవాణ్ణి కాబట్టి వెంటనే చెయ్యి పెట్టలేకపోయాను. తెలియనివాడైతే చటుక్కున విప్పేవాడు.

"దిగండమ్మా, దూరంగా ఎల్లిపోండి" అన్నాను.

"మూత ఎవరు పట్టుకుంటారు? మీరు విప్పండి" అన్నారు ఆమె. అప్పటికే తన పెట్టె బురదలోకి విసిరేసి, మూత రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. నేను పానా తీసుకుని లోపలికి వంగాను.

బ్యాటరీ నుంచి రెండు పట్టీలు పోతాయి. ఒకటి బండి బాడీకి, దాన్ని ఎర్త్ అంటాం. అది జడలా అల్లిన ఉత్త రాగి. పానా జారి ఇనుముకి తగిలినా దాని వల్ల నిప్పు లేవదు. ఆ పట్టీయే విప్పాలి. పొగలో కళ్ళు కనబడక వేళ్ళతో తడిమాను. అల్లిక తగిలింది. నట్టు బిగుసుకుపోయి ఉంది. పానా రెండుసార్లు జారింది. మూడోసారి కదిలింది. పట్టీ పైకి లాగినప్పుడు టిక్కుమని చిన్న మెరుపు. నేను కళ్ళు మూసుకున్నాను.

ఏమీ కాలేదు. పొగ పల్చబడింది. వాన చప్పుడు మళ్ళీ వినబడింది.

డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి కాలిన వైరు బయటకి లాగాను. అది కారుతో వచ్చిన వైరు కాదు. మా భిలాయిలో ఇంటింటా బట్టలారేసుకునే నల్ల కరెంటు కేబులు. ఫ్యూజుతో పని లేకుండా బ్యాటరీ వైపు నుంచి నేరుగా వైపర్ మోటారుకి కట్టేశారు. అది దూరే రేకు కన్నానికి రబ్బరు లేదు. గతుకుల్లో అంచుకి రాసుకుని ఒలిచిపోయింది, గోతిలో పడగానే రేకుకి తగిలింది. తగిలినప్పుడు ఆపడానికి ఫ్యూజు లేదు.

చూపించి అడిగాను. ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. కిందటి నెల జాముల్ దగ్గర వానలో వైపర్లు ఆగిపోతే ఒక సిమెంటు లారీ డ్రైవరు దిగి, తన పెట్టెలోంచి ఈ కేబులు తీసి కట్టాడట. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడట.

"మరి నేనడిగితే ఎవరూ చూడలేదన్నారేటమ్మా?"

"మీరు మెకానిక్కు గురించి అడిగారు కదండీ. ఆయన దారిన పోయే డ్రైవరు" అన్నారు. ఆమె అబద్ధం చెప్పలేదు. మా రోడ్డు మీద ఆగిన బండికి ఎవరో ఒకరు దిగి చెయ్యేస్తారు. దాన్ని ఎవరమూ రిపేరు అనుకోం.

రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తాను. రాయపూర్ పోయే లారీ ఒకటి ఆగింది. డ్రైవరు ఇందర్ సింగ్ సంగతి విని, పక్కన కూర్చున్న పెద్దాయన్ని వెనక బస్తాల మీద టార్పాలిన్ కిందికి పంపి, "బైఠియే దీదీ, కూర్చోండి, అమ్మ దగ్గరికి నేను చేరుస్తాను" అన్నాడు. ఆమె పెట్టె అందుకుని ఎక్కారు. నేను తెల్లారేదాకా ఆ కారులోనే కూర్చున్నాను. బ్యాటరీ పట్టీ చేతికి అందేటంత దూరంలోనే ఉంచుకుని కూర్చున్నాను.

ఆమె సమయానికి చేరారు, రక్తం ఇచ్చారు, తల్లి బతికింది. ఆ కబురు వారం తర్వాత శారదమ్మ గారే షెడ్డుకి వచ్చి చెప్పారు.

ఆ కేసు తర్వాత నేను ఏ బండి వచ్చినా మెకానిక్కు ఎవరని అడగడం మానేశాను. ఇందులో ఎవరెవరు చెయ్యి పెట్టారు, దారిన పోయేవాడైనా సరే చెప్పమంటాను. తర్వాత బ్యాటరీ ఎక్కడుందో చూసి, దాని నట్టు ఒకసారి వదులు చేసి మళ్ళీ బిగిస్తాను. ఆ తర్వాతే తప్పు వెతుకుతాను. కొత్తగా పనిలో చేరినవాళ్ళు దీన్ని చాదస్తం అంటారు. అననీ.

ఆ రోజు అక్కడున్నది వీళ్ళు: షెడ్డు దగ్గర మస్తాన్. రోడ్డు మీద సెక్టర్ 4 శారదమ్మ గారు, లారీ డ్రైవరు ఇందర్ సింగ్, తన చోటు ఆమెకిచ్చి వానలో బస్తాల మీద కూర్చున్న జాముల్ మేస్త్రీ రామాధీన్, ఇది రాస్తున్న సింహాచలం.