సైనికుడి కోటులో నేను

దోహాలో, వెస్ట్ బే ఆఫీసులో నా పక్క సీటు ఒక కిర్గిజ్ మిత్రుడిది. ఇద్దరం ఐన్ ఖాలిద్‌లో ఒకే కాంపౌండులో ఉంటాం. సెలవు రోజుల్లో అతను ఆయిల్ పెయింటింగులు వేస్తాడు. సైన్యంలో పనిచేస్తూ సరిహద్దు దగ్గర చనిపోయిన తమ్ముడి బొమ్మ పోయినేడాది మొదలుపెట్టాడు. ముఖానికి ఫొటో ఉంది గానీ, నిలువెత్తుది ఒక్కటీ లేదు.

"నీ ఒడ్డూ పొడుగూ అచ్చం వాడిదే. వాడి కోటు వేసుకుని కాసేపు కూర్చుంటావా?" అని అడిగాడు. సరేనన్నాను.

ఆ కోటును వాళ్లమ్మ ఊరి నుంచి వస్తూ పెట్టెలో పెట్టుకుని తెచ్చింది. మందపాటి ఉన్ని. ఏసీ ఎంత పెట్టినా మెడ దగ్గర చెమట ఆగలేదు. అతను బ్రష్షులు కడగడానికి లోపలికి వెళ్లగానే నాకు కోతివేషాలు వేయాలనిపించింది. కళ్లు తేలేసి, నాలుక బయటపెట్టి, సెల్యూట్ కొడుతూ సెల్ఫీ తీసుకుని, ఇక్కడి తెలుగు చర్చి స్నేహితుల గ్రూపులో పెట్టేశాను.

తలెత్తేసరికి గుమ్మంలో వాళ్లమ్మ, టీ పళ్లెంతో. చూసిందో లేదో తెలియదు. పళ్లెం బల్ల మీద పెట్టి నా దగ్గరకు వచ్చింది. మడతపడ్డ కాలరు సరిచేసి, నేను వదిలేసిన పై గుండీ పెట్టింది. వాళ్ల భాషలో ఏదో అంది. అప్పుడే వచ్చిన కొడుకు నాకు చెప్పాడు.

"వాడూ పై గుండీ పెట్టుకునేవాడు కాదట. తనే పెట్టి పంపేదట."

బల్ల మీద నా ఫోన్ మోగుతూనే ఉంది. తెర మీద నా ఫొటో, దాని కింద నవ్వే బొమ్మలు. "బావా, మిలటరీలో జోకర్లని కూడా తీసుకుంటున్నారా?" అని ఒకడు. ఆమె ఫోన్ వైపు చూపించి కొడుకును ఏదో అడిగింది.

"నీ స్నేహితులు ఏమంటున్నారని అడుగుతోంది," అన్నాడతను. అతని చూపు తెర మీదే ఉంది.

"బాగుందంటున్నారని చెప్పు."

నా వంక ఒకసారి చూసి, ఆమెకు అలాగే చెప్పాడు. ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుని నాకు తల వంచింది. భూమిలోకి కుంగిపోతే బాగుండనిపించింది.

ఆమె వెళ్లాక ఫొటో తీసేశాను. అప్పటికే అందరూ చూసేశారు.

"సారీ," అన్నాను.

"యల్లా, ఇక కానీ, కదలకుండా కూర్చో," అన్నాడు. అంతే.

బొమ్మ పూర్తయ్యాక మమ్మల్ని భోజనానికి పిలిచారు. కోటు మీది ఉన్ని పోగులు కూడా కనిపించేలా వేశాడు. మా ఆవిడ చాలాసేపు చూసింది.

"మొహం వాళ్లబ్బాయిదే గానీ, ఆ చేతులు మాత్రం మీవేనండీ," అంది మెచ్చుకోలుగా.

నేను చేతులు బల్ల కిందికి లాక్కున్నాను. వాళ్లమ్మ నా పళ్లెంలో ఇంకాస్త పలావ్ వడ్డించి, తినమని సైగ చేసింది. చేతులు పైకి తీయక తప్పలేదు.